కాటన్ దొరకి దండ, మాల్దీవులకి క్యాన్సిల్

గోదావరి రేవుల్లో సంకల్పం చెప్పే పంతుళ్ళలో కొందరు కాటన్ దొర మీద ఒక శ్లోకం కూడా కలిపి చదువుతారు. నిత్యం గోదావరి స్నానం చేసే పుణ్యాన్ని మనకిచ్చిన ఆ మహామతిని, ఆ భగీరథుణ్ణి తలుచుకుంటున్నానని దాని భావం. అందులో ‘ఆంగ్లేయదేశీయం’ అనే మాట ఉంటుంది. నా ఆసక్తి అంతా దాని మీదే. మేలు చేసినవాడిది ఏ దేశమో శ్లోకం దాచలేదు. అలాగని మనవాణ్ణి చేసేసుకోనూ లేదు.

ఆయన కట్టించిన ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. డెల్టాలో ఏ ఊరి కూడలికెళ్ళినా గుర్రం మీదో, నిలబడో కాటన్ విగ్రహం కనిపిస్తుంది. మే 15న, ఆయన పుట్టినరోజున, దండలు పడతాయి. ఆ ఆనకట్ట పక్కనే ఉన్న రాజమండ్రికి 1907 ఏప్రిల్‌లో స్వాతంత్ర్యోద్యమ నాయకుడు బిపిన్ చంద్రపాల్ వచ్చి మాట్లాడితే ఊరు ఊరంతా కదిలింది. కాలేజీ కుర్రాళ్ళు వందేమాతరం బ్యాడ్జీలు పెట్టుకుని క్లాసులకెళ్ళి చదువులు పోగొట్టుకున్నారు. ఇంగ్లండు మీద మంట, ఇంగ్లీషువాడికి దండ. దీన్ని రెండు నాలుకల ధోరణి అని కొట్టిపారేసేవాళ్ళున్నారు. నేనలా అనుకోను. ఖాతాలు వేరు, అంతే.

ఒక దేశం మీద మన మనసు ఒకే ముద్దగా ఉండదు. తక్కువలో తక్కువ ఐదు ఖాతాలుంటాయి: అక్కడి సర్కారు, అక్కడి జనం, అక్కడి సరుకు, అక్కడ చూడాల్సిన చోట్లు, అక్కడ దొరికే పని. ఒక ఖాతాలో పడ్డ బాకీ ఇంకో ఖాతాలోకి దానంతటది మారదు. మారిందంటే ఏదో ఒకటి దాన్ని మోసుకెళ్ళి ఉంటుంది.

దీని మీద గట్టి ఆధారం 1998లో అచ్చయిన ఒక పరిశోధన. జిల్ క్లైన్, రిచర్డ్ ఎటెన్‌సన్, మార్లీన్ మోరిస్ అనే ముగ్గురు చైనాలోని నాన్‌జింగ్‌లో జనాన్ని అడిగారు. 1937లో జపాన్ సైన్యం ఊచకోత కోసిన ఊరది. అక్కడివాళ్ళు జపాన్ వస్తువు నాసిరకం అనలేదు. వస్తువు బాగుంటుందని తెలిసి కూడా కొనడానికి చెయ్యి రావడం లేదని తేలింది. ‘సరుకు బాగుంటే కోపం తగ్గుతుందిలే’ అనుకోవడం తేలిక. నాణ్యత పెంచితే ఈ కోపం తగ్గదు, ఎందుకంటే అది నాణ్యత గురించిన కోపమే కాదు.

అలాగని కోపం ఉన్నచోటల్లా కొనడం ఆగుతుందనీ కాదు. 2020 జూన్‌లో గల్వాన్ ఘటన తర్వాత చైనా మీద మన ఊళ్ళలో ఎంత వేడి రేగిందో గుర్తుండే ఉంటుంది. నెల తిరక్కుండానే 59 యాప్‌లు నిషేధించారు. కానీ ఆ ఏడాదంతా దేశంలో ఎక్కువగా అమ్ముడైన ఫోన్లలో షావోమీ, వివో ముందు వరసలోనే ఉన్నాయి. యాప్ తీసేస్తే పైసా ఖర్చు లేదు. అదే ధరకి అలాంటి ఇంకో ఫోన్ దొరకడం కష్టం. కోపం ఎక్కడ చౌకగా తీరుతుందో అక్కడే తీరుతుంది.

విహారయాత్ర అన్నిటికన్నా చౌక

అందుకే ఏ దేశం మీదైనా జనానికి మండితే మొదట తెగిపడేది టూరు. దానికి మూడు కారణాలున్నాయి. అది తప్పనిసరి కాదు. దానికి ప్రత్యామ్నాయాలు బోలెడు. మూడోది చాలామంది పట్టించుకోరు గానీ నా లెక్కలో అదే పెద్దది: టూరు నలుగురికీ కనిపించే ఖర్చు. ఇంట్లో ఏ దేశపు మిక్సీ తిరుగుతోందో ఎవరూ అడగరు. విమానం ఎక్కిన దగ్గర్నుంచి వాట్సాప్ స్టేటస్ పెట్టాలి, వచ్చాక చుట్టాలకి చాక్లెట్లు పంచాలి. స్టేటస్ పెట్టుకోలేని టూరుకి లక్షన్నర ఎవరు పోస్తారు?

మాల్దీవుల సంగతి చూడండి. 2024 జనవరిలో ప్రధాని లక్షద్వీప్ ఫొటోల మీద అక్కడి ముగ్గురు ఉపమంత్రులు నోరు పారేసుకున్నారు. వాళ్ళని పదవుల్లోంచి పక్కన పెట్టారు, అయినా మంట ఆరలేదు. 2023లో మాల్దీవులకి అందరికన్నా ఎక్కువగా వెళ్ళింది మనవాళ్ళే, 2 లక్షల పైచిలుకు. 2024లో అది సుమారు 1.3 లక్షలకి పడింది. ఇక్కడిదాకా అందరికీ తెలిసిందే. దీనికి రెండో సగం ఒకటుంది: అదే ఏడాది మాల్దీవులకి వచ్చిన మొత్తం విదేశీయులు 20 లక్షలు దాటారు, అది వాళ్ళ రికార్డు. మన చోటులోకి చైనా వచ్చింది. బహిష్కరణ వల్ల ఒక దేశపు వరస మారింది, గదులు మాత్రం ఖాళీ కాలేదు. మన పర్యాటకుల మీదే బతికే చిన్న గెస్ట్‌హౌస్‌లకీ, మన గ్రూపులకి బోట్లు అద్దెకిచ్చేవాళ్ళకీ దెబ్బ తగిలి ఉండాలి. అంటే మాట జారినవాళ్ళ కన్నా మనల్ని బాగా చూసుకున్నవాళ్ళకే ఎక్కువ తగిలిందన్నమాట.

ఇక ‘మాల్దీవులొద్దు, లక్షద్వీప్ పోదాం’ అన్న ఊపు ఏమైంది? అక్కడికి మనవాళ్ళకైనా అనుమతి పత్రం కావాలి. అక్కడి విమానాశ్రయం అగత్తిలో దిగేవి చిన్న విమానాలు. గదులు లెక్కపెట్టుకునేన్ని. కోపం జనాన్ని ఒక చోటు నుంచి వెనక్కి లాగగలదు గానీ ఇంకో చోట మంచాలు వెయ్యలేదు. ఆ సొమ్ము ఎటు మళ్ళుతుందో తెలియాలంటే వీసా లేకుండా పోనిచ్చే దేశాల వైపు చూడండి. థాయిలాండ్ 2023 నవంబరులో మనకి ఆ తలుపు తీసింది.

తుర్కియే (టర్కీ) మీద వచ్చిన కోపం ఇంకో రకం. 2025 మేలో ఆపరేషన్ సిందూర్ సమయంలో ఆ దేశం, దాంతో పాటు అజర్‌బైజాన్ పాకిస్థాన్‌ని వెనకేసుకొచ్చాయి. వారం తిరిగేసరికి తుర్కియే, అజర్‌బైజాన్‌లకి బుకింగులు 60 శాతం పడిపోయాయనీ, రద్దులు 250 శాతం పెరిగాయనీ మేక్‌మైట్రిప్ ప్రకటించింది. ఇందులో రాజకీయం ఎంతుందో, ‘తిన్నింటి వాసాలు లెక్కపెట్టారు’ అన్న బాధా అంతే ఉంది. 2023 ఫిబ్రవరిలో అక్కడ భూకంపం వస్తే మనం ఆపరేషన్ దోస్త్ పేరిట రక్షణ బృందాల్ని పంపాం. చేసిన మేలు మరిచారన్న కోపం మామూలు కోపం కన్నా ఎక్కువ కాలం ఉంటుంది. మాల్దీవుల కోపం మాట జారడం వల్ల వచ్చింది. 2025 జూలైలో ప్రధాని వాళ్ళ స్వాతంత్ర్య వేడుకకి అతిథిగా వెళ్ళేసరికి చల్లబడడానికి దారి దొరికింది. విశ్వాసం లేదన్న ముద్రకి అలాంటి దారి తొందరగా దొరకదు.

భీమవరం, రాజమండ్రి, అమలాపురంలో టూరు ఏజెంట్లకి ఇలాంటప్పుడు మొదటి 48 గంటలు గండం. గ్రూపు టూర్లలో కుటుంబాలన్నీ విడివిడిగా ఆలోచించుకోవు. ఒక పెద్దాయన ‘మనం వెళ్ళడం లేదు’ అని గ్రూపులో ఒక మెసేజ్ పెడతాడు, మిగతా పదిహేను మందీ చేతులు జోడించిన బొమ్మ పెడతారు. సగం మందికి మనసులో వెళ్ళాలనే ఉంటుంది, చెప్పరు. అందుకని గ్రూపులో చర్చ పెట్టకుండా ఇంటింటికీ విడిగా ఫోన్ చెయ్యాలి. అడగాల్సింది ‘క్యాన్సిల్ చేద్దామా’ అని కాదు, ‘తేదీ మార్చుదామా’ అని. ఎందుకంటే టిక్కెట్టు రద్దయితే ఎయిర్‌లైన్ చార్జీ, వీసా ఫీజు, హోటల్ మొదటి రాత్రి అద్దె పోతాయి. తేదీ మారితే చాలాసార్లు తేడా డబ్బుతో సరిపోతుంది. ఇంకో మాట: జనం కోపంతో రద్దు చేసుకుంటే హోటలుతో ఒప్పందంలో ఉండే ‘తప్పనిసరి పరిస్థితి’ (ఫోర్స్ మజ్యూర్) నిబంధన కిందకి అది మామూలుగా రాదు. విమానాలు ఆగితేనో, ప్రభుత్వం వెళ్ళొద్దని హెచ్చరిక ఇస్తేనో ఆ నిబంధన అక్కరకి రావచ్చు. ఆ హెచ్చరిక కాగితం ఏ తేదీన వచ్చిందో దాచుకోండి. వాపసు అడిగేటప్పుడు అది గట్టి ఆధారం.

కోపం పనిచెయ్యని ప్రయాణం ఒకటుంది, తీర్థయాత్ర. చైనా మీద అంత మంట ఉన్నా, ఐదేళ్ళు ఆగిపోయిన కైలాస మానససరోవర యాత్ర 2025లో మళ్ళీ మొదలైతే 750 సీట్లకి 5,561 దరఖాస్తులు వచ్చాయి. కైలాసం ఎవరి మ్యాపులో ఉందన్నది యాత్రికుడికి వీసా దగ్గర మాత్రమే గుర్తొస్తుంది. దానికి ప్రత్యామ్నాయం లేదు, ఇంకెక్కడో ఇంకో కైలాసం ఉండదు.

ఉండేవాడి దేశం నాలుగు గోడలు

చూసొచ్చేవాడూ, వెళ్ళి అక్కడే బతికేవాడూ ఒకే దేశం గురించి మాట్లాడినా ఒకే దేశాన్ని చూసి ఉండరు. మొదటివాడికి ఆ దేశం టీవీలోంచీ రీల్స్‌లోంచీ వచ్చింది. రెండోవాడికి జీతం ఇచ్చే చేతిలోంచి వచ్చింది.

కోనసీమ, పశ్చిమ గోదావరి ఊళ్ళ నుంచి కువైట్ ఇంటిపనికి వెళ్ళొచ్చిన ఆడవాళ్ళని ‘కువైట్ ఎలాంటి దేశం’ అని అడిగి చూడండి. జవాబు దేశం గురించి రాదు. ‘మా మామా మంచిదే, బాబాకే కోపం ఎక్కువ’ అని ఆ ఇంటి యజమానురాలి గురించీ, యజమాని గురించీ వస్తుంది. వాళ్ళు చూసింది ఒక ఇల్లు, ఒక వంటగది, వారానికోసారి మార్కెట్టు. ఆ ఇల్లు మంచిదైతే కువైట్ బంగారం, కాకపోతే నరకం. అందుకే ఒకే వీధిలో రెండు ఇళ్ళవాళ్ళు ఒకే దేశానికి పూర్తిగా ఎదురు మాటలు చెబుతారు, ఇద్దరి మాటా నిజమే.

ఇంకా చిత్రం ఏమిటంటే, ‘ఆ దేశం పేరెత్తకు’ అన్న మనిషే రెండేళ్ళ తర్వాత మళ్ళీ వీసాకి డబ్బు కడుతుంది. పర్యాటకుడు ఆ దేశానికి డబ్బిస్తాడు, పనివాళ్ళు ఆ దేశం దగ్గర డబ్బు తీసుకుంటారు. ఇచ్చేవాడు అలగగలడు. ఇంటి మీద అప్పూ పిల్ల పెళ్ళీ మిగిలి ఉన్నవాళ్ళు అలగలేరు. కాబట్టి వలస వెళ్ళేవాళ్ళ విషయంలో మనసునిబట్టి ప్రవర్తన ఊహించకూడదు. కోపం వాళ్ళ ప్రయాణాన్ని ఆపదు, దారిని మారుస్తుంది. మొదటిసారి దెబ్బతిన్నవాళ్ళు రెండోసారి ఏజెంటుని మారుస్తారు, తెలిసిన ఇంటికే వెళతారు, లేదా చెల్లెల్ని తను పనిచేసిన ఇంటికే పిలిపించుకుంటారు.

ఇక్కడ చట్టం సంగతి కూడా తెలిసుండాలి. కువైట్ 2015లో చేసిన 68వ నంబరు చట్టం ప్రకారం ఇంటిపనివాళ్ళకి వారానికో సెలవు, రోజుకి 12 గంటలకి మించని పని, ఏడాదికి జీతంతో సెలవు ఉండాలి. పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకోకూడదు. ఇంటిపని వీసాని 20 నంబరు అనీ, కంపెనీ వీసాని 18 నంబరు అనీ అంటారు. కంపెనీ పని అని చెప్పి 20 నంబరు అంటగట్టడం పాత మోసం, వీసా కాగితం మీద అంకె చూసుకుంటే పట్టుబడుతుంది. పదో తరగతి పాసుకాని వాళ్ళ పాస్‌పోర్టు మీద ఈసీఆర్ ముద్ర ఉంటుంది. వాళ్ళు గల్ఫుతో సహా 18 దేశాలకి పనికెళ్ళాలంటే మన ప్రభుత్వం అనుమతి కావాలి. ఇంటిపనికి వెళ్ళే ఆడవాళ్ళకి 30 ఏళ్ళు నిండకపోతే ఆ అనుమతి రాదు. అది తప్పించుకోవడానికి విజిట్ వీసా మీద దొడ్డిదారిన పంపిస్తారు. అలా వెళ్ళినవాళ్ళ పేరు ఈ-మైగ్రేట్ అనే ప్రభుత్వ పోర్టల్ లెక్కలో ఉండదు. రెండేళ్ళకి 275 రూపాయలతో వచ్చే 10 లక్షల ప్రవాసీ భారతీయ బీమా కూడా ఉండదు. ఆ ఇంట్లో ఏదైనా తేడా వస్తే తిట్టేది కువైట్‌ని. అసలు తేడా అమలాపురం బస్టాండు దాటకముందే జరిగింది.

అమెరికా ఖాతా మన దగ్గర మరీ చిక్కుది. 2025 ఆగస్టు 27న మన సరుకుల్లో చాలావాటి మీద అక్కడి సుంకం 50 శాతానికి చేరింది. మన రొయ్యకి పెద్ద మార్కెట్టు అమెరికానే కాబట్టి ఆ సెగ నేరుగా చెరువు గట్టుకే తగిలింది. నెల తిరక్కుండా హెచ్1బి కొత్త దరఖాస్తుకి లక్ష డాలర్ల ఫీజు అన్నారు. ఒకే ఇంట్లో తండ్రి వనామీ రొయ్యల రైతు, కొడుకు డల్లాస్‌లో ఉంటే ఆ ఇంటి కోపం ఎటు పోవాలి? సర్కారు ఖాతాలోకి పోతుంది, అక్కడే ఆగిపోతుంది. అమెరికాని బహిష్కరిద్దాం అన్న పిలుపుకి భీమవరంలో బలం రాదు. దేశభక్తి తక్కువై కాదు, అవతలి గట్టు మీద మన మనిషి ఉన్నాడు గనక.

మనం అతిథులమైతే

ఇప్పటిదాకా మన కోపం. ఎదుటి దేశం జనానికి మన మీద ఉన్న మనసు మన వాళ్ళని ఏం చేసిందో డెల్టాకి బాగా తెలుసు. ఆ మాట ఇంకా మన నోట్లో ఉంది: రంగం. రంగూన్ వెళ్ళడాన్ని ‘రంగం వెళ్ళడం’ అనేవారు. బర్మాలో తెలుగువాళ్ళందరికీ యానాం పక్కనున్న కోరంగి రేవు పేరే స్థిరపడిపోయింది, ‘కోరంగీలు’ అని.

1930 మేలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె చేశారు. ఓడల కంపెనీలు వాళ్ళ చోటులో బర్మా కూలీల్ని పెట్టుకున్నాయి. మే 26న రాజీ కుదరగానే పాతవాళ్ళని పిలిచి కొత్తవాళ్ళని పొమ్మన్నాయి. ఆ రోజే గొడవ మొదలై ఊరంతా పాకింది, వంద మందికి పైగా చచ్చిపోయారు, ఎక్కువమంది మనవాళ్ళే. కోపం రావాల్సింది ఎవరి మీద? పిలిచి పొమ్మన్న కంపెనీల మీద, దేశాన్ని ఏలుతున్న బ్రిటిషు సర్కారు మీద. వాళ్ళు చేతికందరు. పక్కన నిలబడ్డ కూలీ అందుతాడు. 1938లో మళ్ళీ భారతీయుల మీద దాడులు జరిగాయి, 1941 డిసెంబరులో జపాన్ బాంబులు పడడం మొదలయ్యాక లక్షల మంది అడవుల వెంట నడిచి తిరిగొచ్చారు. స్థానికుల ప్రవర్తన చదవాలంటే ఇదే మొదటి సూత్రంగా పెట్టుకుంటాను: సర్కారు ఖాతాలో పడాల్సిన బాకీ, సర్కారు అందనప్పుడు, దగ్గరున్న పరాయివాడి ఖాతాలో పడుతుంది.

యానాంలో మనసుకి ఏకంగా ఒక దరఖాస్తే ఉండేది. 1954 జూన్ 13న అక్కడ ఫ్రెంచి పాలన కూలిపోయింది, చట్టపరంగా బదిలీ మాత్రం 1962 ఆగస్టు 16న జరిగింది. ఆ ఒప్పందంలో, కావాలనుకున్నవాళ్ళు ఫ్రెంచి పౌరసత్వం అట్టేపెట్టుకోవడానికి ఆరు నెలల గడువిచ్చారు. ఫ్రాన్సు మీద నీ మనసేమిటని సర్వేవాడు కాకుండా సర్కారే అడిగినట్టు. అంతకుముందు మన వైపు జనానికి ఫ్రాన్సంటే ఉన్న ఇష్టానికి ఇంకో కారణం: 1930లో అమల్లోకొచ్చిన శారదా చట్టం యానాంకి వర్తించదు, కాబట్టి బాల్య వివాహాలకి బళ్ళు కట్టుకుని అక్కడికి పోయేవారు. యానాంని ‘కల్యాణపురం’ అన్నది అందుకే. ఫ్రెంచివాడి భాష రాదు, చట్టం మాత్రం ముద్దు. ఇప్పుడు వారాంతాల్లో వచ్చేవాళ్ళలో చాలామందికి ఫ్రెంచి చరిత్రా అక్కర్లేదు, మందు రేటు చాలు. అలాంటి రాకడ ఎక్కువైన ఊళ్ళో ఆడపిల్లలు సాయంత్రం ఏటిగట్టుకి రావడం మానేస్తారు, అంగళ్ళు బయటివాడికో రేటు పెడతాయి. 1975లో డాక్సీ అనే ఆయన ఊరివాళ్ళ మనసు మారే నాలుగు మెట్లు చెప్పాడు. మన మాటల్లో సంబరం, అలవాటు, విసుగు, ఎదురుతిరగడం. 2024 జూలైలో బార్సిలోనా నాలుగో మెట్టు మీదుంది, పర్యాటకుల మీద నీళ్ళ తుపాకులు కొట్టారు. సంక్రాంతికి జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వచ్చే జనాన్ని చూసి కోనసీమ ఇంకా సంబరం మెట్టు మీదే ఉందంటాను, కొబ్బరితోటలో పొద్దున్నే సీసాలు ఏరుకునే రైతు నాతో ఒప్పుకోకపోవచ్చు.

కోనసీమలోని దిండి వైపు గదులు అద్దెకిచ్చేవాళ్ళకి ఒక్క మాట. విదేశీయుడికి గది ఇస్తే 24 గంటల్లో ఆన్‌లైన్‌లో ప్రభుత్వానికి వివరాలు పంపాలి: పాస్‌పోర్టు, వీసా నంబర్లు, వచ్చిన తేదీ, ఫొటో. చాలామంది దీనికి భయపడి ‘గదుల్లేవండి’ అనేస్తారు. పక్కనే తెలుగు కుటుంబానికి తాళం ఇవ్వడం వచ్చినవాడు చూస్తాడు. ఈ ఊరికి మా దేశమంటే పడదని రాసుకుని పోతాడు. కాగితం బద్ధకం అవతలివాడికి ద్వేషంలా కనబడే ఘట్టం ఇది. నమోదు ఒకసారి చేసుకుంటే ఆ తర్వాత ఒక్కో అతిథికి పట్టేది పది నిమిషాలే.

అడగడం ఎలా

ఇదంతా మీ ఊళ్ళో నిజమో కాదో చూడాలనుకునే డిగ్రీ, పీజీ పిల్లలు ప్రాజెక్టుల కోసం సర్వేలు చేస్తుంటారు. సగం సర్వేలు మొదటి ప్రశ్నలోనే చెడతాయి.

‘ఏ దేశం మీద మీకు కోపం?’ అని గోదావరి జిల్లాల్లో అడిగారనుకోండి, ‘మేం దేశానికే ఏస్తామండి, కోపమేంటి?’ అని జవాబొస్తుంది. ఇక్కడ ‘దేశం’ అంటే తెలుగుదేశం పార్టీ. కాబట్టి దేశం పేరు చెప్పే అడగండి. ‘శత్రుభావం’, ‘వైరభావం’ అని పుస్తకాల మాటలు పెట్టకండి, నోటితో ఎవరూ అనరు. ‘కోపం’ కూడా అంత బాగా పనిచెయ్యదు, మనకి కోపం అయినవాళ్ళ మీదే వస్తుంది. ‘పడదు’ అన్న మాట సరిపోతుంది: ‘ఫలానా దేశం సర్కారంటే మీకు పడుతుందా, పడదా?’ తర్వాత ‘అక్కడి జనమంటే?’ అని విడిగా. ఐదు ఖాతాలకి ఐదు ప్రశ్నలు, మూడు దేశాలకి మించొద్దు. మొత్తం పన్నెండు నిమిషాల్లో ముగించాలి, దాటితే మొహమాటానికి అన్నిటికీ ఒకే అంకె చెప్పేస్తారు. పాకిస్థాన్ ప్రశ్న మొదట్లో పెడితే ఆ వేడి తర్వాతి దేశాలన్నిటికీ అంటుకుంటుంది. చివర్లో పెట్టండి, లేదా కాగితానికో వరస మార్చండి.

ఏడు మెట్ల కొలబద్ద వద్దు. ‘కొంతవరకు అంగీకరిస్తాను’కీ ‘స్వల్పంగా అంగీకరిస్తాను’కీ తేడా అడిగేవాడికే తెలియదు. పెద్దవాళ్ళ చేతిలో పది చింతపిక్కలు పెట్టి, మూడు దేశాల పేర్లు రాసిన మూడు కాగితాల మీద ఎంత ఇష్టమైతే అన్ని పిక్కలు పెట్టమనండి. నోటితో ‘అందరూ మంచోళ్ళేనండి’ అనే మనిషి పిక్కల దగ్గర మొహమాటపడలేడు. ఆ మొహమాటం మన జిల్లాల్లో మరీ ఎక్కువ. ‘ఆయ్’ అన్నంత మాత్రాన ఒప్పుకున్నట్టు కాదు. అరుగు మీద నలుగురున్నప్పుడు అడిగితే పెద్దాయన జవాబే నలుగురిదీ అవుతుంది. ఆడవాళ్ళని వేరుగా, ఆడపిల్ల చేత అడిగించాలి.

‘ఆ దేశం వెళతారా?’ అని రేపటి గురించి అడగడం దండగ. గడిచిన మూడేళ్ళలో ఎక్కడికెళ్ళారు, రాసుకున్న టిక్కెట్టు రద్దు చేశారా, ఎంత పోయింది అని అడగండి. ఆపైన ఒక బేరం పెట్టండి: అదే టూరు 5 వేలు తగ్గితే వెళతారా, 10 అయితే, 20 అయితే? ఎక్కడ తల ఊపితే అదే ఆ మనిషి కోపం ఖరీదు. ఆ అంకె ఒక్కటీ ఇరవై అభిప్రాయాల పెట్టు. యాదృచ్ఛికంగా ఎంచుకున్న 100 మందిని అడిగితే శాతాల్లో పది అటూ ఇటూ తప్పు ఉంటుంది, 400 మందైతే ఐదుకి తగ్గుతుంది. మీ క్లాసువాళ్ళకే గూగుల్ ఫారం పంపి 400 నింపితే ఈ లెక్క వర్తించదు.

చివర్లో జరిగే తప్పు అన్నిటికన్నా పెద్దది. ఐదు ఖాతాల మార్కులూ కలిపి సగటు తీసేస్తారు. ఐదుకి సర్కారుకి 1, జనానికి 5 వేసిన మనిషికి ఆ రెండింటి సగటు 3, అంటే ‘తటస్థం’ అని రిపోర్టులో రాస్తారు. ఆ మనిషి తటస్థం ఎక్కడ? ఒక చేత్తో దండ, ఇంకో చేత్తో రాయి పట్టుకున్నాడు. ఖాతాకో పట్టీ వెయ్యండి, కలపకండి.

కుదిరితే గొడవ జరిగిన రెండు వారాల్లోపు ఒకసారి, ఆర్నెల్లు పోయాక మళ్ళీ ఒకసారి అదే మనుషుల్ని అడగండి. పేర్లు రాసుకోవద్దు, అంకె వేసుకోండి. రెండోసారి వెళ్ళినప్పుడు చాలామంది ‘పోయినసారి నేనేం చెప్పాను?’ అంటారు. ఆ కాగితం మాత్రం చూపించకండి, చూస్తే పాత మాట నిలబెట్టుకోవడానికి పిక్కలు మళ్ళీ సర్దుతారు.